గార్డెన్ రైల్వేని కొత్త సీజన్‌కి సిద్ధం చేయాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలో మీ టౌన్‌షిప్ పార్కులో, చెట్ల మధ్య పరిచిన చిన్న బొమ్మ రైల్వే ఉంది. 45 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం), సుమారు 90 మీటర్ల పట్టా, రెండు లూపులు, ఒక వంతెన. నవంబరు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మే మూడో శనివారం ప్రారంభం. పది పన్నెండు మంది వాలంటీర్లుగా పేర్లిచ్చారు. అందులో మీరూ, మీ తొమ్మిదేళ్ళ బాబూ ఉన్నారు, కానీ ఈ పని ఇదివరకు చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. సరదాగా ఇంజను పెట్టి చూస్తే నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. పట్టాలన్నీ పీకి కొత్తగా వేయాలా, తుడిస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

పీకక్కర్లేదు. అలాగని తుడిచినంత మాత్రాన నడవదు. ముందు నేల, తర్వాత కంకర, తర్వాత పట్టా మట్టం, ఆ తర్వాత జాయింట్లు, అప్పుడు తుడవడం, అన్నిటికీ చివర రైలు. ఈ వరస మార్చకండి. ఏప్రిల్ రెండో వారంలో మొదలుపెడితే ఐదారు శనివారాలు, రోజుకి మూడు గంటల చొప్పున, మీ 90 మీటర్లకి సరిపోతాయి. ఇంజన్లని మాత్రం నాలుగో శనివారం దాకా పెట్టెలోంచి తీయకండి. వాలంటీర్లకి ఈ మాట చెప్పి ఒప్పించడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అందరూ వచ్చేది రైలు నడపడానికే.

నేను దక్షిణ మధ్య రైల్వేలో ముప్ఫై రెండేళ్ళు పట్టాల విభాగంలోనే పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయి దగ్గరికి పెన్సిల్వేనియా వచ్చాక ఇక్కడి ఒక తోటలో గార్డెన్ రైల్వే చూసి వాలంటీరుగా చేరాను. ఇది నా ఎనిమిదో సీజన్. 1676 మిల్లీమీటర్ల గేజ్ మీద నేర్చుకున్నదంతా 45 మిల్లీమీటర్ల మీద పనికొస్తుందని అప్పట్లో అనుకోలేదు. ఇప్పుడు ప్రతి వసంతంలోనూ చూస్తున్నాను.

ఎందుకు నేల ముందు?

ఈ ఇంజన్లకి కరెంటు పట్టాల్లోంచే వస్తుంది కాబట్టి, ఇంజను ఆగిందంటే అందరూ కరెంటు మీద పడతారు. పట్టా మురికిగా ఉందంటారు, కంట్రోలర్ పోయిందంటారు, మోటారు కాలిందంటారు. చలికాలం గడిపిన పట్టా విషయంలో నేను చూసినంతవరకు, కరెంటు సమస్యలా కనిపించేవాటిలో ఎక్కువ భాగం మట్టి సమస్యలే.

చలికాలంలో నేలలోని నీరు గడ్డకడుతుంది. నీరు మంచయితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. అంతటితో ఆగదు. గడ్డకడుతున్న పొర కిందున్న తడిని కూడా పైకి లాక్కుని పలకలు పలకలుగా మంచు పేరుస్తుంది. దాంతో పట్టా ఒకచోట అంగుళం లేస్తుంది, పక్క మూరలో అసలు లేవదు. మార్చిలో కరిగాక కిందికి దిగుతుంది గానీ, లేచిన చోటుకే సరిగ్గా దిగదు. నల్లరేగడి నేల మీద ఇల్లు కట్టినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వానకి ఉబ్బి, ఎండకి బీటలు వారి, గోడల్ని అటూ ఇటూ చేసే నేల అది. అక్కడ బంకమట్టి చేసే పని ఇక్కడ మంచు చేస్తుంది. రెండిటికీ మూలం నేలలో నిలిచిన నీరే. అందుకే మా ఉద్యోగంలో వానాకాలానికి ముందు రైలు కట్ట పక్క కాలవలు శుభ్రం చేయించేవాళ్ళం, వానలు వెళ్ళాక స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల) కింద కంకర కుక్కే పని మొత్తం ఒకసారి తిప్పేవాళ్ళం. మీకు ఇప్పుడు కావలసింది సరిగ్గా ఆ రెండు పనులే.

మొదటి శనివారం చేతులకి పని చెప్పకండి, కళ్ళకి చెప్పండి. వీలైతే వాన కురిసిన మర్నాడు వెళ్ళండి. పట్టా వెంట నెమ్మదిగా నడుస్తూ నీళ్ళు ఎక్కడ నిలిచాయో, కంకర ఎక్కడ కొట్టుకుపోయిందో, స్లీపర్లు ఎక్కడ గాల్లో వేలాడుతున్నాయో చూడండి. ప్రతిచోటా ఒక ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చి నంబరు వేయండి, నోటుపుస్తకంలో ఆ నంబరు ఎదురుగా ఏం చూశారో రాయండి. వాన లేకపోతే హోస్‌పైపుతో నీళ్ళు వదిలి చూడొచ్చు. మీ బాబుకి ఈ పని అప్పగించండి. పిల్లల కళ్ళు పట్టాకి మనకంటే దగ్గరగా ఉంటాయి. మాకు రోజూ తన బీటంతా కాలినడకన వెళ్ళి ఒక్కొక్క బిగింపూ చూసుకునే కీమ్యాన్ ఉండేవాడు. తోటలో ఆ ఉద్యోగం పిల్లలదే.

నీరు నిలిచిన చోట్ల పట్టాకి అడుగు దూరంలో చిన్న కాలవ తీసి, పల్లంవైపు వాలు ఇచ్చి, గులకరాళ్ళతో నింపండి. పార్కు నేలలో గడ్డపార దించేముందు మాత్రం పార్కు వాళ్ళని అడిగి తీరాలి. కరెంటు కేబుళ్ళు, స్ప్రింక్లర్ పైపులు ఎక్కడ పోతున్నాయో వాళ్ళకే తెలుస్తుంది.

కంకర సంగతి

గార్డెన్ రైల్వేలో పట్టాని నేలకి బిగించరు, కంకర మీద తేలేలా వదిలేస్తారు. నేల లేచినా దిగినా మనం మళ్ళీ సరిచేసుకోవడానికి వీలుగా ఉండాలి కదా. కాబట్టి ఏ కంకర వేశారన్నది ముఖ్యం. కోణాలు తేలిన క్రషర్ రాయి కావాలి. ఇక్కడి స్టోన్ యార్డుల్లో క్రషర్ ఫైన్స్ అని అడిగితే ఇస్తారు, 10 మిల్లీమీటర్ల లోపు ముక్కలూ పొడీ కలిసి ఉంటాయి. తడిపి దిమ్మిస చేస్తే ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడుతుంది. ఇంజన్ల పక్కన చూడ్డానికి సన్నగా, అందంగా ఉండాలంటే పైపొరకి కోళ్ళకి వేసే గ్రానైట్ గ్రిట్ బాగుంటుంది. ఇక్కడ పశువుల దాణా అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.

నున్నటి గులకరాళ్ళు మాత్రం పట్టా కింద వద్దు, గోళీల్లా దొర్లిపోతాయి. ఇసుక అంతకన్నా వద్దు. వానకి కొట్టుకుపోతుంది, చీమలు పుట్ట పెడతాయి, రేణువులు ఇంజను గేర్లలోకి వెళ్ళి వాటిని అరగదీస్తాయి.

పాత కంకరలో నాచు, కుళ్ళిన ఆకులు కలిసిపోయి నల్లగా మెత్తగా ఉంటే అది ఇక కంకర కాదు, ఎరువు. నీళ్ళు పట్టి ఉంచుతుంది, గడ్డి మొలిపిస్తుంది. అలాంటి చోట పై రెండు మూడు సెంటీమీటర్లు గీకి తీసేసి కొత్తది వేయండి. మీ 90 మీటర్లలో మూడోవంతు ఇలా ఉందనుకుంటే, 23 కేజీల బస్తాలు పది పన్నెండు పడతాయి. బ్లోయర్‌తో ఆకులు ఊదేవాళ్ళకి ముందే చెప్పండి, వేగం తగ్గించి పక్కనుంచి ఊదాలి. మా తోటలో ఒకసారి ఉత్సాహంగా ఊదేసరికి ఇరవై అడుగుల మేర కంకరంతా వెళ్ళి పూలమొక్కల్లో పడింది, దాన్ని ఏరడానికి రెండు శనివారాలు పట్టింది.

మట్టం

ఈ పనికి తొందర అసలు పనికిరాదు. మీటరు పొడవు రసమట్టం ఒకటి, అరచేతిలో పట్టే చిన్నది ఒకటి తెచ్చుకోండి. పొడవుది పట్టా వెంట పెట్టి వాలు చూడండి. మీటరుకి రెండు సెంటీమీటర్లు మించి ఎక్కుడు ఉంటే రైలు ఈడ్చుకుంటుంది, దిగేటప్పుడు పరిగెత్తుతుంది. చిన్నది రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టి పక్క మట్టం చూడండి. కొత్తవాళ్ళు ఈ రెండోది చూడరు, బళ్ళు పట్టా తప్పేది దానివల్లే.

పక్క మట్టంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే ఏమవుతుంది అంటారు. నిష్పత్తిలో చూడండి. 45 మిల్లీమీటర్ల గేజ్ మీద ఒక మిల్లీమీటరంటే మన బ్రాడ్‌గేజ్ మీద 37 మిల్లీమీటర్లు. అసలు పట్టా మీద నాలుగు స్లీపర్ల మధ్య అంత మెలి కనిపిస్తే నేను బండి ఆపించి గ్యాంగ్‌ని పిలిచేవాణ్ణి. బొమ్మ బండికి బరువు తక్కువ, చక్రం అంచు లోతు ఎక్కువ కాబట్టి అది కొంత భరిస్తుంది. కానీ మెలి ఉన్న చోట నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంటుంది. గాల్లో ఉన్న చక్రం కరెంటు తీసుకోదు, పాయింటు (బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మారే చోటు) వచ్చిందంటే పట్టా మీదా నిలవదు.

సరిచేసే పద్ధతి చెప్తాను. ఒకరు పట్టాని స్లీపరు చివర్లు పట్టుకుని కావలసినంత ఎత్తాలి, ఇంకొకరు వెడల్పాటి కర్రముక్కతో స్లీపర్ల కిందికి రెండు వైపుల నుంచీ కంకర నెట్టి కుక్కాలి. స్లీపరు మధ్యలో గట్టిగా కుక్కకండి, పట్టాల కింద మాత్రమే కుక్కండి. మధ్యలో గట్టిపడితే పట్టా తక్కెడలా ఊగుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువే ఎత్తండి, తర్వాత కూర్చుంటుంది. పూలమొక్కలకి చల్లే డబ్బాతో నెమ్మదిగా నీళ్ళు చల్లి మళ్ళీ రసమట్టం పెట్టండి. రెండున్నర మీటర్లకి ఇద్దరు మనుషులకి అరగంట పడుతుంది. మట్టం పని అయ్యాక ఒక మంచి వాన పడనివ్వండి, ఆ తర్వాత మళ్ళీ ఒకసారి చూడండి. ప్రారంభం ముందురోజు మట్టం చేసుకుంటే మర్నాడు వాన వచ్చి మీ కష్టం పోతుంది.

ఇక్కడ నా మూడో సీజన్ సంగతి చెప్పాలి. ప్రారంభానికి వారం ముందు మా లోపలి లూపులో ఒకేచోట, చిన్న చర్చి బొమ్మ దాటగానే, రైలు ఆగిపోయేది. వేలితో తడితే కదిలేది. పట్టా మూడుసార్లు తుడిచారు, జాయింటు మార్చారు, కంట్రోలర్ మార్చారు. చక్రాలు తుడుస్తూ ఒకాయన మధ్యాహ్నమంతా కూర్చున్నారు. అందరికీ టెన్షన్ మొదలైంది. నేను తడిగడ్డి మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, కన్ను పట్టా ఎత్తున పెట్టి రైలు నడపమన్నాను. ఇంజను ఆ చోటుకి వచ్చేసరికి పట్టా ఆరేడు మిల్లీమీటర్లు కిందికి కుంగింది, జాయింటు దగ్గర రెండు పట్టా కొసలు నోరు తెరిచినట్టు విడివడ్డాయి. ఇంజను ఆగింది. వేలితో తట్టగానే పట్టా పైకి లేచింది, కొసలు కలిశాయి, కరెంటు వచ్చింది. ఊరికే నిలబడి చూస్తే అక్కడ పట్టా తిన్నగానే ఉంది, కంకర కూడా చక్కగా ఉంది.

కంకర కింద వేలు పెడితే మోచేతి దాకా వెళ్ళింది. చిప్‌మంక్ బొరియ అది. మన ఉడుతలాగే వీపు మీద చారలుండే చిన్న జంతువు, ఇక్కడ నేలలో సొరంగాలు తవ్వి బతుకుతుంది. మా రైల్వే భాషలో ఇలాంటి జాయింటుని పంపింగ్ జాయింట్ అనేవాళ్ళం, బండి బరువు పడ్డప్పుడు మాత్రమే కుంగి, పోగానే లేచే జాయింటు. బురద చిమ్మిన గుర్తులు లేకపోతే నడిచే మనిషికి అది కనిపించదు, బండి వెళ్తుండగా చూస్తేనే దొరుకుతుంది. బొరియలో రాయి నింపి, పైన కోళ్ళ గూడుకి వాడే సన్నకన్నాల ఇనుప జాలీ పరిచి, దాని మీద కంకర వేశాం. ఆ చోట మళ్ళీ ఇబ్బంది రాలేదు. జంతువు మాత్రం రెండు మీటర్ల అవతల ఇల్లు కట్టుకుంది, అక్కడ పట్టా లేదు కాబట్టి దాని జోలికి మేం వెళ్ళలేదు.

మీ ఇంజను నాలుగడుగులు నడిచి ఆగిందన్నారు కదా. అది ఆగిన చోట ఒకసారి ఇలా పడుకుని చూడండి.

జాయింట్లు, కరెంటు

మట్టం కుదిరాక జాయింట్లకి రండి. మీవి ఇత్తడి పట్టాలే అయి ఉంటాయి. జర్మనీకి చెందిన లేమాన్ సంస్థ ఎల్‌జీబీ పేరుతో 1968లో ఈ పెద్ద సైజు రైళ్ళు తెచ్చినప్పటి నుంచి ఆరుబయటి లైన్లలో ఇత్తడే ఎక్కువ. ఇత్తడి తుప్పు పట్టదు గానీ, జాయినర్ (రెండు పట్టా కొసల్ని కలిపే లోహపు ముక్క) లోపల తడీ మట్టీ చేరి నల్లటి పొర కడుతుంది. ఒక్కొక్క జాయింటు కొంచెం కొంచెం కరెంటు తినేస్తుంది. 30 సెంటీమీటర్ల ముక్కలతో వేసిన లైనయితే మీ 90 మీటర్లలో ఒక్కో పట్టాకి మూడువందల జాయింట్లు!

చెడ్డ జాయింటు కనిపెట్టడానికి వోల్టేజీ కొలిచే మీటరు ఒక్కటే పెడితే మోసపోతారు. లోడ్ లేనప్పుడు ఎంత చెడ్డ జాయింటయినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. కంట్రోలర్‌ని 12 వోల్టుల దగ్గర పెట్టి, కారు బ్రేక్ లైటు బల్బుకి రెండు వైర్లు కట్టి పట్టాలకి ఆనించండి, పక్కనే మీటరు పెట్టండి. కంట్రోలర్ దగ్గర 12 చూపించి, లూపు అవతలి కొసలో ఎనిమిదికి పడిపోతే మధ్యలో ఎక్కడో పోతోంది. బల్బు జరుపుతూ వెళ్ళండి. వెలుగు ఒక్కసారి తగ్గిన చోటే మీ దొంగ. డీసీసీ పద్ధతిలో (పట్టాల ద్వారా ఇంజన్లకి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) నడిచే లైనయితే మామూలు మీటరు సరైన అంకె చూపించకపోవచ్చు, కాబట్టి బల్బులు రెండు వరసగా కలిపి వెలుగునే నమ్ముకోండి.

దొరికిన జాయింటుని విప్పి, లోపల రుద్ది, కండక్టివ్ గ్రీజు కొంచెం పూసి బిగించండి. పదే పదే ఇబ్బంది పెట్టే చోట రెండు స్క్రూల ఇత్తడి క్లాంపులు వేసుకోండి. ఒక్కొక్కటీ కాస్త ఖరీదే, అన్నిచోట్లా వేయనక్కర్లేదు. అంతకంటే చవక మార్గం, కంట్రోలర్ నుంచి లావు వైరుతో లూపు మీద మూడు నాలుగు చోట్ల కరెంటు అందించడం.

క్లాంపులు వేసే ఉత్సాహంలో ఒక పొరపాటు చేయకండి. ఇత్తడి ప్రతి డిగ్రీకీ మీటరుకి సుమారు 19 మైక్రాన్లు సాగుతుంది. పది మీటర్ల పట్టా, చలికాలం మైనస్ పది నుంచి జూలై ఎండలో యాభై డిగ్రీల దాకా వేడెక్కితే 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకి చోటు కావాలి. మా దగ్గర ఒక తిన్నటి ముక్కని చల్లటి ఉదయం పూట కొస నుంచి కొస దాకా క్లాంపులతో బిగించి, రెండు కొసల్లోనూ కాంక్రీటుకి స్క్రూలు కొట్టారు. జూన్ మధ్యాహ్నం వెళ్ళి చూస్తే పట్టా పాము మెలికలా పక్కకి వంగి ఉంది. వేసవిలో అసలు పట్టాల మీద దేనికోసం గస్తీ తిరిగేవాళ్ళమో అదే, గుప్పెడంత రూపంలో. ఆరేడు మీటర్లకొక జాయింటు మామూలు జాయినర్‌తో, సాగడానికి సరిపడా ఖాళీతో వదిలి, దానికి విడిగా వైరు ముక్క కలపండి. వంపుల దగ్గర అంత బెంగ లేదు, పట్టా కొద్దిగా బయటికి జరిగి సర్దుకుంటుంది.

తుడవడానికి వస్తే, గోడలు రుద్దే పొడవాటి కర్ర సాండర్ ఇక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. దాని అడుగున గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్ ప్యాడ్ బిగించి, నిలబడే రెండు పట్టాలూ ఒకేసారి రుద్దుకుంటూ వెళ్ళొచ్చు. నడుము నొప్పి ఉండదు, 90 మీటర్లు ముప్పావుగంట పని. చెట్ల జిగురు, పక్షుల రెట్టలు ఉన్నచోట ముందు తడిగుడ్డ, కాస్త ఆల్కహాల్. స్టీల్ ఊల్ మాత్రం పట్టా దగ్గరికి రానివ్వకండి. దాని సన్నటి తీగముక్కల్ని మోటారులోని అయస్కాంతం లాగేసుకుంటుంది, ఇంజను లోపల షార్టవుతుంది. ముతక గరుకుకాగితం కూడా వద్దు, గీతలు పడితే మురికి వాటిలోనే కూర్చుంటుంది.

పాయింట్ల దగ్గర అదనంగా పది నిమిషాలు గడపండి. కదిలే నాలుకకీ పట్టాకీ మధ్య ఒక్క రాయి ఇరుక్కున్నా బండి రెండు దారుల్లో పోతుంది. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, చేత్తో ఇరవైసార్లు అటూ ఇటూ వేసి చూడండి. పాయింటు మోటారు మూత తీస్తే లోపల చీమలు ఉండొచ్చు, నాకు దాదాపు ప్రతి ఏడూ కనిపిస్తున్నాయి.

మొక్కలు

మీ పార్కులో ఉన్న కోనాకారపు చిన్న చెట్లు బహుశా డ్వార్ఫ్ అల్బర్టా స్ప్రూస్. గార్డెన్ రైల్వేల్లో దాదాపు అన్నిచోట్లా అదే, సూది ఆకులు చిన్నవి కాబట్టి దూరం నుంచి పెద్ద దేవదారులా కనిపిస్తుంది. దాన్ని రెండు విషయాల్లో కనిపెట్టుకోవాలి. ఒకటి, ఒక్కోసారి దానిలోంచి మామూలు స్ప్రూస్ కొమ్మ తన్నుకొస్తుంది, పొడుగ్గా, ఆకులు పెద్దగా. కనిపించిన రోజే మొదలంటా కత్తిరించాలి, వదిలితే చెట్టంతా అదే అవుతుంది. రెండు, ఎర్రనల్లి. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టండి, చుక్కలు కదిలితే నల్లి ఉన్నట్టే. మొదట్లోనే అయితే గట్టిగా నీళ్ళు కొడితే చాలావరకు పోతుంది.

నేలమీద పాకే థైమ్, సీడమ్ పట్టా మీదికి వచ్చి ఉంటాయి, కత్తెరతో స్లీపరు అంచు దాకా వెనక్కి కొట్టండి. ఎంత కొట్టాలో ఊహించవద్దు. మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడుగు, వెడల్పు రైలు పెట్టె ఏదో చూసి, దానికి చుట్టూ రెండు సెంటీమీటర్లు ఎక్కువగా అట్టతో ఒక చట్రం చేసి, పాత బండి అడుగుకి అతికించి చేత్తో లైనంతా తోయండి. ఏది తగిలితే అది కత్తిరించాలి. వంపుల్లో ఇది మరీ అవసరం, పొడవు పెట్టె నడుము లోపలివైపుకి, కొసలు బయటివైపుకి వస్తాయి. తిన్నటి చోట తగలని రాయి వంపులో తగులుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో మలుపులుంటే (పన్నెండు ముక్కలకి గుండ్రం పూర్తయితే మీవి అవే) పొడవాటి ప్రయాణికుల పెట్టెలు అక్కడ నడపకండి, పొట్టి బళ్ళు నడపండి.

చిన్న ఇళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. లోపల కందిరీగల గూడు ఉందేమో చూసి ఎత్తండి. ఊడిన ముక్కలకి బయట వాడే నీటికి ఆగే జిగురు వాడండి, అడుగు తడిమట్టికి తగలకుండా ఒక రాతిపలక మీద పెట్టండి. ఈ ఇళ్ళు ఎంత అందంగా చేయొచ్చో చూడాలంటే ఫిలడెల్ఫియాలో మోరిస్ ఆర్బోరెటంకి వేసవిలో బాబుని తీసుకెళ్ళండి. అక్కడ 1998 నుంచి గార్డెన్ రైల్వే నడుస్తోంది, భవనాలన్నీ చెట్టు బెరడు, ఆకులు, కాయలు, గింజలతో చేసినవి. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళు ఇది చదువుతుంటే బీకన్స్‌ఫీల్డ్‌లోని బెకన్స్‌కాట్ చూడండి, 1929లో తెరిచిన బొమ్మల ఊరు. ఊరంతా చుట్టి వచ్చే దాని రైల్వే కూడా మీ లైను గేజే.

ఇక రైలు

ముందు ఖాళీ పెట్టె ఒకటి, లోపల అరకేజీ బరువు పెట్టి, చేత్తో లైనంతా తోయండి. ఎక్కడ ఎగిరితే అక్కడ మట్టం పని మిగిలింది. తర్వాత ఇంజను ఒక్కటే, అతి నెమ్మదిగా, రెండు దిక్కులా. వేగంగా నడిపితే చెడ్డచోట్లు దూకి వెళ్ళిపోతుంది, లోపం బయటపడదు. ఆ తర్వాత పూర్తి రైలు, ముందుకీ వెనక్కీ. చివరి శనివారం రెండు రైళ్ళని ఆపకుండా రెండు గంటలు తిప్పండి.

ఇంజన్ల చక్రాలు తుడవాలి, ఇరుసుల దగ్గర ప్లాస్టిక్‌ని పాడుచేయని నూనె ఒక్క చుక్క వేయాలి. ఒక్కటే చుక్క. ఎక్కువైతే పట్టా మీదికి కారి, మురికి పట్టి, తుడిచిన పనంతా పోతుంది. ఏదైనా చక్రానికి రబ్బరు రింగు ఉంటే పగిలిందేమో చూడండి. బ్యాటరీతో నడిచేవి ఉంటే ప్యాక్ ఉబ్బిందేమో చూసి, ఉబ్బితే ఛార్జింగ్ పెట్టకుండా పక్కన పెట్టండి. లిథియం ప్యాక్‌ని సున్నా డిగ్రీల లోపు చలిలో ఛార్జ్ చేయకూడదు, గ్యారేజీలోంచి తీసినవెంటనే పెట్టకండి. ఆవిరి ఇంజన్ల గురించి ఎవరైనా అడిగితే ఈ ఏడాదికి వద్దని చెప్పండి. బాయిలర్ పరీక్ష, గ్యాస్, మంట, చుట్టూ పిల్లలు, అనుభవం ఉన్న మనిషి పక్కన లేకుండా చేసే పని కాదు.

మనుషుల సంగతి

కంట్రోలర్‌కి కరెంటు ఇచ్చే బయటి ప్లగ్‌కి టెస్ట్ బటన్ ఉంటుంది. మొదటిరోజే నొక్కి చూడండి. అది ట్రిప్ అవకపోతే పార్కు ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఏదీ పెట్టకండి.

మోకాళ్ళ కింద పెట్టుకునే మెత్తలు పది కొనండి, పెద్దవాళ్ళు ఇంకో గంట ఎక్కువ ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ గడ్డిలో పిడుదులు ఉంటాయి, జింకల మీద ఉండేవి, లైమ్ జబ్బు తెచ్చేవి. చిన్నదశలో గసగసాల గింజంత ఉంటాయి. ప్యాంటు కొసలు సాక్సుల్లో దోపండి, ఇంటికి వెళ్ళగానే బాబు మోకాళ్ళ వెనక, చెవుల వెనక, తలలో చూడండి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తీగ ఎలా ఉంటుందో మొదటి శనివారమే అందరికీ చూపించండి. మన దగ్గర దురదగొండి తెలిసినవాళ్ళకి జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. ఇది ఆకు కాదు, దాని నూనె అంటుకుంటుంది, బట్టల మీద కూడా ఉండిపోతుంది.

పన్నెండు మందీ ఒకేసారి పట్టా మీద వాలితే ఒకరు చేసిన మట్టాన్ని ఇంకొకరు తొక్కుతారు. మట్టానికి ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు చాలు. మిగిలినవాళ్ళు మొక్కలు, ఇళ్ళు, కంకర మోయడం. పట్టా మీద ఎవరూ అడుగు పెట్టకూడదు, స్లీపర్ల మీద కూడా. దాటాల్సినచోట ఒక పలక వేసుకోండి.

నాలుగో శనివారం ఇంజను బయటికి తీశాక, ఇంజను ఆగిన చోట బల్బు పెట్టి ఎన్ని వోల్టులు వచ్చాయో, పడుకుని చూస్తే పట్టా కుంగిందో లేదో ఇక్కడే రాయండి. వీలైతే పట్టా ఎత్తు నుంచి తీసిన చిన్న వీడియో కూడా పెట్టండి, చూసి చెప్తాను.